వెయ్యికి వంద చంద్రులు తక్కువ

కేసు షీటులో పేరు తర్వాత రాసేది వయసు. ముప్పై నాలుగేళ్లు ఆ గడి నింపాను. పేరు విషయంలో నన్ను మోసం చేసినవాళ్లు తక్కువ. వయసు విషయంలో మోసం చేయనివాళ్లు తక్కువ. పెళ్లి కావలసినవాళ్లు తగ్గించి చెప్పేవాళ్లు, పింఛను కావలసినవాళ్లు పెంచి చెప్పేవాళ్లు, రెండూ అక్కర్లేనివాళ్లు "మీరే చూసి ఏసుకోండి సార్" అనేవాళ్లు. నేను చూసి వేసుకునేవాణ్ణి. ఒక్కసారి మాత్రం మనిషిని చూడకుండా అచ్చుకాగితం చూసి వేసుకున్నాను. ఆ పొరపాటు గురించి, కొత్తగా డ్యూటీల్లో చేరే పిల్లలు చదువుతారన్న ఆశతో రాస్తున్నాను. చదవకపోయినా నాకు బాధ లేదు. మా ఆసుపత్రి గోడల మీద నేను అంటించిన నోటీసులు కూడా ఎవరూ చదివేవారు కాదు.

రెండు వేల ఆరో సంవత్సరం ప్రాంతం. కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజీషియన్‌గా ఉండేవాణ్ణి. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి పక్షవాతం వస్తే ఆ గడ్డను కరిగించే ఇంజెక్షను అప్పుడప్పుడే మా వైపు అడుగుపెట్టింది. దానికి షరతులు పెళ్లివారి షరతులకంటే ఎక్కువ. జబ్బు మొదలైన మూడు గంటల్లోపలే ఇవ్వాలి. స్కానులో ఎక్కడా నెత్తురు కారినట్టు కనబడకూడదు. ఎనభై దాటినవాళ్లకు వద్దు, ఎందుకంటే ఆ వయసు మెదడులో గడ్డతోపాటు నాళం గట్టు కూడా తెగుతుందని భయం. హైదరాబాదు నుంచి నెలకోసారి వచ్చే న్యూరాలజిస్టు ఈ షరతులన్నీ టైపు చేయించి ఇస్తే, మా హెడ్ సిస్టర్ ఆ కాగితాన్ని మందుల అల్మారా తలుపుకు అంటించింది.

పోరుపెట్టి ఒక డబ్బా తెప్పించుకున్నాను. కర్నూలు ఎండకు భయపడి దాన్ని మందుల షాపు ఫ్రిజ్‌లో పెట్టించాను. ఆ స్థలం అంతకుముందు మా ఫార్మసిస్టు పెరుగు గిన్నెది. మొదటి డబ్బా ఎవరికీ ఉపయోగపడకుండానే గడువు తీరిపోయింది. రెండో డబ్బా వచ్చాక ఆయన నన్ను చూసినప్పుడల్లా ఒకటే ప్రశ్న వేసేవాడు.

"సార్, దీనికి ఇంకా నాలుగు నెలలుండాది. అంతదాంకా నా పెరుగు పులుస్తానే ఉండాల్నా?"

డబ్బా ఎందుకు కదల్లేదంటే, మూడు గంటల్లో మా దగ్గరికి వచ్చేవాళ్లు లేరు. మా వైపు మూతి వంకర పోయి కాలూ చెయ్యీ పడిపోతే ముందు పావురం కోసం పరుగెత్తేవాళ్లు. దాని వెచ్చటి నెత్తురు పడిపోయిన వైపు రుద్ది, గుడ్డ కప్పి, గాలి తగలకుండా పడుకోబెట్టేవాళ్లు. మూడో రోజు మా దగ్గరికి తెచ్చేసరికి పావురమూ పోయేది, గడువూ పోయేది. నేను తెచ్చినవాళ్లను అరగంట తిట్టేవాణ్ణి. "మూడు దినాలు కాదప్పా, మూడు గంటలు" అని వేళ్లు చూపించి మరీ తిట్టేవాణ్ణి. వాళ్లు శ్రద్ధగా తల ఊపేవాళ్లు. ఆ తిట్ల వల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదనే అనుకునేవాణ్ణి.

ఒక ఆదివారం పదకొండున్నర దాటింది. హెడ్ సిస్టర్ చర్చికి పోవాల్సిన పూట డ్యూటీ పడిందన్న కోపంలో ఉంది. కోపంలో ఉంటే ఆవిడ దుప్పట్లను మరీ నున్నగా పరిచేది. డోన్ నుంచి రెండు బండ్లు వచ్చి ఆగాయి. మొదటి బండిలోంచి ఒక పెద్దాయనను దించారు. పట్టు పంచె, మెడలో రెండు గులాబీ దండలు, నుదుట ఇంత కుంకుమ. మూతి ఎడమవైపుకు లాక్కుపోయింది. కుడి చెయ్యీ కాలూ వేలాడుతున్నాయి. నోరు తెరుస్తాడు, మాట రాదు. కళ్లు మాత్రం అందరినీ గుర్తుపడుతున్నాయి. చూడటానికి అదే కష్టంగా ఉంటుంది.

ఆయన డోన్‌లో బెల్లం, చింతపండు టోకు వ్యాపారి. ఆ ఉదయం ఆయనకు సహస్ర చంద్ర దర్శనం చేస్తున్నారు. ఎనభై దాటి వెయ్యి పున్నములు చూసినవాళ్లకు కొడుకులు చేసే వేడుక. అన్నీ అయ్యి, పురోహితుడు తాంబూలం చేతిలో పెట్టాడట. తమలపాకులు జారి కింద పడ్డాయి. వంగి తీసుకోబోయి ఆయనా పడ్డాడు.

"ఎప్పుడు పడినాడు?" అని అడిగాను. మామూలుగా ఈ ప్రశ్నకు "పొద్దున్నే సార్", "సద్ది తాగినాక సార్" లాంటి జవాబులు వచ్చేవి. పెద్ద కొడుకు "పది గంటలా ఇరవై నిమిషాలకు సార్" అన్నాడు. "వీడియో తీస్తాండారు. కెమెరాలో టైము పడింది."

నా సర్వీసులో అంత చక్కటి జవాబు అంతకుముందు వినలేదు. ఒంటి గంటా ఇరవై దాకా మాకు సమయం ఉందన్నమాట. ఇంత త్వరగా ఎట్లా తెచ్చారని ఆశ్చర్యపోతుంటే, రెండో బండి దిగిన ఇంకో పెద్దాయన ముందుకొచ్చాడు. ఆయనది రోగి అంగడికి ఎదురుగా ఉన్న అంగడి, అదే బెల్లం, అదే చింతపండు. ఇకముందు ఎదురంగడాయన అంటాను.

"వీళ్లు పావురానికి మనిషిని పంపినారు సార్. నేనే పావురం గీవురం వద్దని బండెక్కించినా. నన్ను గుర్తుపట్టలేదా? రెండేండ్ల కిందట మా తమ్ముణ్ణి తెచ్చింటి. మూడో దినం తెచ్చినానని అందరి ముందర నన్ను తిట్టినారు గదా."

గుర్తురాలేదు. అంతమందిని తిట్టాను మరి. కానీ అరగంట తిట్టు రెండేళ్ల తర్వాత యాభై కిలోమీటర్ల దూరంలో పనిచేసిందని తెలిసి, ఉద్యోగంలో అదివరకు ఎరగని గర్వం కలిగింది.

స్కానింగ్ సెంటరు రోడ్డుకు అవతల ఉండేది. స్ట్రెచర్ రోడ్డు దాటాలి. సిస్టర్ నడిరోడ్డు మీద నిలబడి చెయ్యి ఎత్తితే, కర్నూలు ఆటోలు ఆగాయి. ఈ సంగతి నమ్మమని ఎవరినీ బలవంతపెట్టను. స్కానులో నెత్తురు లేదు. బి.పి. హద్దులో ఉంది. పన్నెండూ పదికి మళ్లీ ఆసుపత్రిలో ఉన్నాం. ఫ్రిజ్‌లోని డబ్బాకు చివరికి మంచి రోజు వచ్చింది.

"వయసు?" అన్నాను.

పెద్ద కొడుకు జేబులోంచి ఆహ్వానపత్రం తీసి ఇచ్చాడు. బంగారు అంచు, వినాయకుడి బొమ్మ, కింద పెద్ద అక్షరాల్లో ఎనభై రెండు సంవత్సరాలు నిండిన సందర్భంగా అని ఉంది.

సిస్టర్ అల్మారా తలుపు వైపు చూసింది. నేనూ చూశాను. కాగితం అక్కడే ఉంది.

"మందు ఉంది. మీ నాయనకు ఇవ్వలేం. ఎనభై దాటింది" అని చెప్పాను.

"రెండేండ్లే గదా సార్ ఎక్కువ."

"బస్సులో సీటు కాదప్పా, సర్దుకోమనడానికి. మెదడులో నెత్తురు కారితే ఉన్న మనిషి కూడా దక్కడు."

కొడుకు మెడలోని కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నేను కేసు షీటులో ఎనభై రెండు అని రాసి, దాని కింద గీత గీసి, మామూలు మందులు రాయడం మొదలుపెట్టాను. పడిపోయిన చెయ్యి పడిపోయినట్టే ఉంటుంది. బేరాలతో బతికిన మనిషికి మాట రాదు. అంతే. పిల్లలూ, నా పొరపాటు ఇదే. మంచం మూడడుగుల దూరంలో ఉంది. నేను కార్డు చదువుతున్నాను.

సిస్టర్ వరండాలోని జనాన్ని కిందికి పంపడానికి వెళ్లింది. సగం బజారు అక్కడే ఉంది. ఎదురంగడాయన ఒక మూల గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకుంటున్నాడు. అక్కడ జరిగింది సిస్టర్ నాకు తర్వాత చెప్పింది.

"ఒకటే బెంచీ మీద కూర్చున్న్యాము సిస్టరమ్మా" అన్నాడట ఆయన. "నా పలక వాడు పగలగొడితే వాని మూతి నేను పగలగొట్టినా. ఇప్పుడు చూడు, మాటల్లేకుండా పండుకున్న్యాడు."

"ఒకే క్లాసా అప్పా మీరిద్దరూ?"

"ఒకటో తరగతి నుంచి."

"మీకు ఎన్నేండ్లు?"

ఆయన ఏడుపు ఆపి, నడుము నిటారు చేసి "ఎనభై మూడు" అన్నాడు.

సిస్టర్ ఆయనను కింది నుంచి పై దాకా చూసింది. ఆవిడ తండ్రికి అప్పుడు ఎనభై ఒకటి. ఊళ్లో మంచం దిగాలంటే ముగ్గురు పట్టుకోవాలి. ఈయన రెండంతస్తుల మెట్లు ఒక్క ఊపున ఎక్కి వచ్చాడు. ఆవిడ ఇంకేమీ అడక్కుండా చొక్కా పట్టుకుని ఆయనను, మందులు రాస్తూ నేను వచ్చి కూర్చున్న పక్క గదిలోకి లాక్కొచ్చింది.

"సార్, ఈయప్ప చెప్తాండేది ఈయప్ప వయసు కాదు. సరిగ్గా అడగండి."

తలుపు వేయమని ఆయనే అడిగాడు. తర్వాత తల వంచుకుని బజారు రహస్యం చెప్పాడు. వాళ్ల బజారులో అమ్మవారి జాతరకు మొదటి తాంబూలం అందరికంటే పెద్ద వయసు అంగడాయనకు ఇస్తారు. పదేళ్లుగా ఆ తాంబూలం వీళ్లిద్దరి మధ్య తిరుగుతోంది. ఒకాయన అరవై ఐదు అంటే ఇంకొకాయన మరుసటి జాతరకు అరవై ఏడు అనేవాడు. ఇద్దరూ ఏడాదికి రెండేళ్ల చొప్పున ముసలివాళ్లవుతూ వచ్చారు. పోయిన సంవత్సరం ఈయన సహస్ర చంద్ర దర్శనం చేయించుకున్నాడు. దాంతో ఆయన కూడా ఆగలేకపోయాడు.

"వాని వయసు చెప్తే నాదీ బయటపడతాది సార్. బజారంతా బయటే ఉండాది."

సిస్టర్ గడియారం వైపు చూపించింది. "అప్పా, ఈడ తాంబూలం ఇయ్యం. ఉండేది టైము ఒకటే, అదీ అయిపోతాండాది. అబద్ధం ఆడేకి నీకు ఆదివారమే దొరికిందా?"

పన్నెండూ ఇరవై ఐదు. ఆయన పైకప్పు ఫ్యాను వైపు చూశాడు. ఏమనుకున్నాడో నాకు తెలియదు. పదేళ్ల తాంబూలాలు గుర్తొచ్చాయేమో.

"స్వాతంత్ర్యం వచ్చిన దినం బడిలో మిఠాయిలు పంచినారు సార్. అప్పుడు మేము ఎనిమిదో తరగతి. నేను లీడరు. నాకు రెండు ఇచ్చినారు, వానికి ఒకటి. అప్పటినుంచే వానికి నామీద మంట."

నేను వేళ్ల మీద లెక్క వేశాను. "ఆయనకు ఇప్పుడు ఎనభై రెండైతే అప్పటికి ఇరవై మూడు. ఇరవై మూడేళ్లకు ఎనిమిదో తరగతి చదివాడంటే ఆయన అంత మొద్దా?"

"మొద్దే సార్" అన్నాడు ఎదురంగడాయన నిజాయితీగా. "కానీ అంత కాదు."

తర్వాత గొంతు తగ్గించి "డెబ్బై మూడు" అన్నాడు.

నాకు మాట చాలదు, రాత కావాలి. కేసు షీటు ముందుకు జరిపాను. "నాది గూడా రాయాల్నా సార్?" అన్నాడు. ఒకే క్లాసు కదా అన్నాను. మా ఇద్దరి వయసు డెబ్బై మూడు అని రాసి, వ్యాపారస్తుడి పొడుగాటి సంతకం పెట్టాడు. నేను ఎనభై రెండు కొట్టివేసి మంచం దగ్గరికి వెళ్లాను, అప్పుడైనా. పంటి వరస పూర్తిగా ఉంది. మెడ కింద చర్మం గట్టిగా ఉంది. ఎడమ చెయ్యి నా చేతిని పట్టుకుంటే విడిపించుకోవడం కష్టమైంది. ఇదంతా పావుగంట ముందు కూడా అక్కడే ఉంది.

పెద్ద కొడుకును పిలిచి సంగతి చెప్పాను, మందు వల్ల నెత్తురు కారే ప్రమాదం ఈ వయసులోనూ కొంత ఉంటుందని కూడా చెప్పాను.

"ఇయ్యండి సార్. నాయన చెప్పిన వయసే మేమూ నమ్మినాము. కానీ అసలుది బయటపడిందని తెలిస్తే మమ్మల్ని చంపుతాడు."

"చంపేంత బాగైతే అంతకంటే ఏం కావాలప్పా."

ఇంకొకటి మిగిలింది. మందు మోతాదు మనిషి బరువును బట్టి. పడిపోయిన మనిషిని తూచే యంత్రం మాకు లేదు. అందాజుగా వేసుకునేవాళ్లం. కొడుకు "అరవై రెండు కిలోలు" అన్నాడు వెంటనే. పొద్దున్నే బెల్లంతో తులాభారం తూచారట.

"ఏ కాటా?" అని ఎదురంగడాయన అడ్డం వచ్చాడు. "కొనే కాటానా, అమ్మే కాటానా?"

"దేవుని పని గదా అప్పా. సరైన కాటానే."

"అంటే ఇంకొకటి ఉండాదన్న మాట."

సిస్టర్ ఇద్దరినీ బయటికి పంపింది. ఫార్మసిస్టు డబ్బాను రెండు చేతుల్తో పట్టుకుని మెట్లు ఎక్కి వచ్చాడు. పొడిలో నీళ్లు కలిపి నెమ్మదిగా తిప్పాలి, ఊపకూడదు. నేను సీసా చేతిలోకి తీసుకున్నాను. ఏ సీసానైనా ఊపడమే నా చేతులకు అలవాటు. అది తెలిసిన సిస్టర్ సీసా నా చేతిలోంచి తీసుకుంది. పన్నెండూ నలభై ఐదుకు మొదటి భాగం నరంలోకి వెళ్లింది. మిగతాది గంటసేపు బొట్టుబొట్టుగా.

ఆ గంట నేనేం చేశానని పిల్లలు అడుగుతుంటారు. పదిహేను నిమిషాలకోసారి బి.పి. చూశాను, చెయ్యి ఎత్తమన్నాను. మధ్యలో ఊరికే ఉండలేక ఆహ్వానపత్రం వెనకవైపు లెక్క వేశాను. డెబ్బై మూడేళ్లకు పున్నములు తొమ్మిది వందల చిల్లర. వెయ్యికి వంద చంద్రులు తక్కువ. ఆ వంద పున్నములూ ఈయన చూడాలి, చూసి పక్కనున్నవాడితో వెన్నెల బాగుందని నోటితో చెప్పాలి అనుకున్నాను. దేవుణ్ణి ఏమీ అడగలేదు. ఆ పని సిస్టర్ చేస్తూనే ఉంది, పెదవులు కదులుతున్నాయి.

ఒకటిన్నరకు కుడి బొటనవేలు కదిలింది. దుప్పటి కదిలిందేమో అనుకున్నాను. సిస్టర్ దుప్పటి లాగేసింది. మళ్లీ కదిలింది. రెండున్నరకు మోచెయ్యి మంచం మీంచి లేచింది, వణుకుతూ, బరువుగా, తొలిసారి తక్కెడ ఎత్తిన పిల్లవాడి చెయ్యిలా. అందరికీ ఇట్లా జరగదు, ముందే చెబుతున్నాను. తర్వాత కాలంలో జరగనివాళ్లను కూడా చూశాను. ఆ రోజు జరిగింది.

ఎదురంగడాయనను లోపలికి రానిచ్చాం. బజారులో వాళ్లిద్దరూ ఇరవై ఏళ్లుగా ఒకరినొకరు మీరు అనే పిలుచుకునేవాళ్లట. ఆయన మంచం మీదికి వంగి "రేయ్, నేనురా. వినబడతాందా?" అన్నాడు.

పెద్దాయన నాలుక ఇంకా మందంగానే ఉంది. చాలాసేపు ప్రయత్నించాడు. ముద్దముద్దగా, కానీ అందరికీ అర్థమయ్యేట్టు మాట బయటికొచ్చింది.

"తాంబూలం... ఎవరు తీసుకున్న్యారు?"

"కింద పడింది. ఎవరూ తీసుకోలేదు."

పెద్దాయన తృప్తిగా కళ్లు మూసుకున్నాడు. ఫార్మసిస్టు వెళ్లి పెరుగు గిన్నెను దాని స్థానంలో పెట్టుకున్నాడు. సిస్టర్ సాయంత్రం ప్రార్థనకు అరగంట ముందే వెళతానంది. ఆవిడ అప్పుడు సెలవు అడిగినా, ఆసుపత్రి అడిగినా ఇచ్చి ఉండేవాణ్ణి.

రెండో రోజుకు మాట బాగా వచ్చింది. మాట వచ్చాక వయసు సంగతి తెలిసింది. తెలిశాక ఆయన ఎదురంగడాయనతో రెండు రోజులు మాట్లాడలేదు. మాట తెప్పించినందుకు మాకు దక్కిన ప్రతిఫలం అది. మూడో రోజు ఎదురంగడాయనే ఒక పొట్లం తెచ్చి మంచం మీద పెట్టాడు. అందులో ఒక మిఠాయి ఉంది.

"నీ రెండోది. తీసుకో, ఇంగ దాని మాట ఎత్తొద్దు."

పెద్దాయన దాన్ని కుడిచేత్తో తీసుకున్నాడు. సగం దుప్పటి మీద రాలింది. సిస్టర్ మొదటిసారి దుప్పటి సర్దకుండా వెళ్లిపోయింది.

ఆ ఏడు జాతరలో పేచీ వచ్చిందట. ఇద్దరి వయసూ తేలిపోయింది కాబట్టి అసలు పెద్దవాడెవరని బజారంతా వెతికారు. చివరికి ఇన్నేళ్లుగా ఆ తాంబూలానికి ఆకులు అమ్ముతున్న ముసలాయనకు నిజంగానే ఎనభై ఒకటి అని తేలింది. ఆయనను ఎవరూ అడగలేదు కాబట్టి ఆయన చెప్పలేదు. మొదటి తాంబూలం ఆయనకిచ్చారు. ఆకులు మాత్రం మామూలుగా ఆయన దగ్గరే కొన్నారు.

ఆ ఆదివారం తర్వాత తొమ్మిదేళ్లకు, నేను రిటైరయి ఉండగా, డోన్ నుంచి ఒక కార్డు వచ్చింది. బంగారు అంచు, వినాయకుడి బొమ్మ. ఒకే కార్డులో ఇద్దరి పేర్లు, ఇద్దరికీ ఎనభై రెండు. కింద చిన్న అక్షరాల్లో, బడి రిజిస్టరు ప్రకారం అని వేయించారు. సిస్టర్, నేను కలిసి వెళ్లాం. ఇద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని ఒకే కాటా మీద తూచారు. అది ఎవరి కాటా అని అడగలేదు. పురోహితుడు తాంబూలం అందిస్తే పెద్దాయన కుడిచెయ్యి చాపి తీసుకున్నాడు. ఆకు కూడా కదల్లేదు. సిస్టర్ నా వైపు చూడలేదు, నేను ఆవిడ వైపు చూడలేదు.

భోజనాల దగ్గర పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు.

"సార్, ఈసారి నిజంగా ఎనభై రెండు. ఇప్పుడు నాకు మల్లా అట్ల వస్తే ఆ సూది ఇస్తారా, ఇయ్యరా?"

"ఇస్తారప్పా. ఆ రూలు మారింది. ఇప్పుడు ఎనభై దాటినా మనిషిని చూసి ఇస్తున్నారు."

ఆయన కాసేపు అన్నం కలుపుతూ ఆలోచించాడు. ఎదుటి వరసలో కూర్చుని పాయసం తాగుతున్న ఎదురంగడాయన వైపు ఒక చూపు చూసి, నా చెవి దగ్గరికి వంగాడు.

"ముందే చెప్పుంటే కార్డులో నాకు ఎనభై ఐదని ఏయించుకుంటాంటి గదా సార్."